భాగం – 9 : దూడకు ధాన్యం – అమెరికా, బ్రిటన్‌లలో మాంసపు దూడల మేపు చరిత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు :
• 19వ శతాబ్దం ఆరంభంలో ఒహైయో రైతులు పశువులకు మొక్కజొన్న ఎందుకు మేపారో వివరించగలుగుతారు.
• మాంసానికి అమ్మే పశువు వయసు క్రమంగా ఎందుకు తగ్గిందో కారణాలతో చెప్పగలుగుతారు.
• అమెరికా ఫీడ్‌లాట్లను, బ్రిటన్ బార్లీ పద్ధతిని పోల్చగలుగుతారు.
• ధాన్యం ధరకూ దూడల మేపుకూ ఉన్న సంబంధాన్ని విశ్లేషించగలుగుతారు.

9.1 పరిచయం

దాణా అనగానే మనకు పాడిగేదె గుర్తుకు వస్తుంది. తవుడు, పత్తి చెక్క పాలిచ్చే గేదెకు పెడతారు. ఉలవలు ఉడకబెట్టి దుక్కిటెద్దుకు పెడతారు. మగదూడ వంతుకు వచ్చేది చాలావరకు ఎండుగడ్డే. ఉత్తర అమెరికాలో, బ్రిటన్‌లో గత రెండు వందల సంవత్సరాలలో దీనికి పూర్తిగా భిన్నమైన పద్ధతి పెరిగింది. అక్కడ మాంసానికి పెంచే మగదూడకు మొక్కజొన్న, బార్లీ వంటి ధాన్యాలను కడుపునిండా పెట్టి, తక్కువ కాలంలో ఎక్కువ బరువు పెంచడం ఒక పెద్ద పరిశ్రమగా మారింది.

ఇది ఆలోచించవలసిన విషయం. పశువు నెమరువేసే జంతువు. మనిషి తినలేని గడ్డిని పాలుగా, మాంసంగా, శ్రమగా మార్చడమే దాని ప్రత్యేకత. అటువంటి జంతువుకు మనిషి తినగల ధాన్యాన్ని, అదీ చిన్న వయసులోనే, ఎందుకు పెట్టసాగారు? శాస్త్రజ్ఞులు లాభం కనిపెట్టారు, రైతులు ఆచరించారు అన్నది సాధారణంగా వినిపించే జవాబు. ఇందులో కొంత నిజం ఉంది. కాని చరిత్రను వరుసగా పరిశీలిస్తే మరొక సంగతి తెలుస్తుంది. ధాన్యం మిగిలిపోయి చవక అయిన చోట ఈ పద్ధతి పెరిగింది. ధాన్యం ప్రియమైనప్పుడు వెనక్కు తగ్గింది. ఈ భాగంలో మీరు ఆ క్రమాన్ని తెలుసుకొంటారు.

9.2 కాళ్ళమీద నడిచిన మొక్కజొన్న : ఒహైయో

19వ శతాబ్దం మొదట్లో అమెరికాలోని ఒహైయో రాష్ట్రంలో సియోటో నది లోయకు వలస వచ్చిన రైతులకు సారవంతమైన నేల దొరికింది. మొక్కజొన్న విరివిగా పండింది. కాని కొనేవారు తూర్పు తీరంలోని బాల్టిమోర్, ఫిలడెల్ఫియా నగరాలలో ఉన్నారు. మధ్యలో అపలేచియన్ కొండలు అడ్డం. ఒక బుషెల్ మొక్కజొన్న దాదాపు 25 కిలోల బరువు. దాన్ని బండిమీద కొండలు దాటిస్తే అమ్మిన ధర కిరాయికే చాలదు.

వర్జీనియాలోని పోటోమాక్ నది దక్షిణ పాయ లోయ నుంచి వచ్చిన రైతులు దీనికి ఒక ఉపాయాన్ని వెంట తెచ్చారు. మొక్కజొన్నను కంకులతో సహా కోసి, పొలంలోనే కుప్పలుగా నిలబెట్టేవారు. చలికాలంలో ఆ కుప్పలను పశువులకు మేపేవారు. పశువులు వదిలినదాన్ని, పేడలో అరగకుండా మిగిలిన గింజను పందులు తినేవి. వసంతం రాగానే బలిసిన పశువుల మందను నడిపించి తూర్పు నగరాలకు తోలుకుపోయేవారు. 1805లో జార్జి రెనిక్ అనే రైతు 68 పశువులను ఈ విధంగా ఒహైయో నుంచి బాల్టిమోర్‌కు తోలించాడు. బండి ఎక్కలేని మొక్కజొన్న తన కాళ్ళమీద తాను నడిచి అంగడికి చేరింది.

ఇక్కడ మీరు ఒక విషయాన్ని గుర్తుంచుకోవాలి. ఆ మందలో ఉన్నవి దూడలు కావు. ముందు మూడు నాలుగేళ్ళు గడ్డిమీద పెరిగి, ఎముక ముదిరిన పశువులు. ధాన్యం వాటికి చివరి కొద్ది నెలల మేపు మాత్రమే. వందల మైళ్ళు నడవాలంటే ముదురు పశువే కావాలి. 1834లో రెనిక్ కుటుంబీకుల చొరవతో ఏర్పడిన ఒక సంఘం ఇంగ్లండు నుంచి షార్ట్‌హార్న్ జాతి పశువులను తెప్పించింది. త్వరగా ఎదిగే ఈ జాతి తరువాతి మార్పుకు ఒక పునాది అయింది.

9.3 పశువు వయసు ఎందుకు తగ్గింది?

19వ శతాబ్దం రెండవ సగంలో మూడు మార్పులు కలిసివచ్చాయి.

మొదటిది రవాణా. 1865 డిసెంబరులో షికాగోలో యూనియన్ స్టాక్‌యార్డ్స్ అనే భారీ పశువుల సంత ప్రారంభమైంది. పశువులు రైలెక్కి వచ్చాయి. 1870ల చివర గుస్టావస్ స్విఫ్ట్ వంటి వ్యాపారులు మంచుతో చల్లబరచిన పెట్టెలలో మాంసాన్ని తూర్పు నగరాలకు పంపసాగారు. నడవవలసిన అవసరం పోవడంతో ముదురు పశువే కావాలన్న నియమం కూడా పోయింది.

రెండవది కొవ్వుకు గిరాకీ పడిపోవడం. పశువు కొవ్వుతో కొవ్వొత్తులు చేసేవారు. 1859 తరువాత కిరోసిన్ దీపాలు వ్యాపించడంతో ఆ గిరాకీ తగ్గింది. కొవ్వు పేరుకొన్న పెద్ద పశువుకు మునుపటి విలువ లేకుండా పోయింది.

మూడవది శాస్త్రజ్ఞానం. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన క్షేత్రంలో లాస్, గిల్బర్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పశువులను వధించి, వాటి శరీరంలో ఏమేమి ఎంత ఉన్నదో కొలిచి 1859లో ప్రచురించారు. బలిసే పశువులో పెరిగే బరువులో కొవ్వే ఎక్కువ అని వారు చూపించారు. దీని అర్థాన్ని మీరు సులభంగా గ్రహించవచ్చు. కండలో దాదాపు మూడు వంతులు నీరు. కొవ్వులో నీరు చాలా తక్కువ. కనుక ఒక కిలో కొవ్వు పెరగడానికి కావలసిన మేత, ఒక కిలో కండ పెరగడానికి కావలసిన దానికంటే ఎంతో ఎక్కువ. పైగా పెద్ద పశువు తన శరీరాన్ని నిలుపుకోవడానికే రోజూ చాలా మేత తింటుంది. లేత దూడ ఎక్కువగా కండ పెంచుతుంది, నిలుపుకోవలసిన శరీరం చిన్నది. అందువల్ల అదే ధాన్యానికి దూడ ఎక్కువ బరువు ఇస్తుంది.

9.4 'బేబీ బీఫ్'

ఈ జ్ఞానం పొలానికి చేరడానికి మరో తరం పట్టింది. 1898లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన డబ్ల్యు.ఎ. హెన్రీ పశువుల మేతపై రాసిన గ్రంథం అనేక ముద్రణలు పొంది, దశాబ్దాలపాటు వ్యవసాయ కళాశాలలలో పాఠ్యగ్రంథంగా నిలిచింది. మొక్కజొన్నలో మాంసకృత్తులు తక్కువ కాబట్టి పత్తి గింజల చెక్క, అవిసె చెక్క కలపాలన్న పాఠం రైతులకు అందింది. 1900 నుంచి షికాగోలో అంతర్జాతీయ పశుప్రదర్శన ఏటా జరిగింది. 1914లో వచ్చిన స్మిత్–లీవర్ చట్టం వ్యవసాయ విస్తరణ సేవలకు నిధులు సమకూర్చింది. రైతుబిడ్డలు తలా ఒక దూడను మేపి ప్రదర్శనకు తెచ్చే దూడల సంఘాలు వెలిశాయి.

'బేబీ బీఫ్' అన్న పేరు ఈ కాలంలోనే ప్రచారంలోకి వచ్చింది. తల్లిపాలు మానకముందే దూడకు ధాన్యం అలవాటు చేసి, పాలు మాన్పించిన తరువాత ఆపకుండా మేపి, ఏడాది నుంచి ఏడాదిన్నర వయసులో అమ్మడం దీని సారాంశం. ఇందుకు పొలంలో ఒక చిన్న ఏర్పాటు చేసేవారు. దూడ దూరగలిగి, ఆవు దూరలేనంత సందు ఉన్న దడి కట్టి, లోపల ధాన్యం తొట్టి పెట్టేవారు. దూడ తనకు ఆకలి వేసినప్పుడు లోపలికి పోయి తినేది.

అయినా 20వ శతాబ్దం మొదటి సగంలో రైతులందరూ దీన్ని చేపట్టలేదు. దూడను మొదటి నుంచి ధాన్యం మీద పెంచితే మేపు నెలలు పెరుగుతాయి, ఖర్చు రైతు నెత్తిన పడుతుంది. ధర పడిపోతే నష్టం అతనిదే. గడ్డి పుష్కలంగా ఉన్న పశ్చిమ మైదానాలలో దూడను ఇంకో ఏడాది గడ్డిమీద ఉంచడమే చవక. తెలిసిన విద్య ఆచరణలోకి రావాలంటే చవక ధాన్యం కావాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – I
సూచన : మీ సమాధానాన్ని భాగం చివర ఇచ్చిన సమాధానంతో సరిచూసుకోండి.
1. ముదురు పశువు కంటే దూడ ధాన్యాన్ని ఎక్కువ బరువుగా మార్చడానికి కారణం ఏమిటి?

9.5 ఫీడ్‌లాట్ల కాలం

ఆ చవక ధాన్యం రెండవ ప్రపంచయుద్ధం తరువాత వచ్చింది. సంకర మొక్కజొన్న విత్తనాలు, రసాయనిక ఎరువులు కలిసి దిగుబడులను పెంచాయి. 1950లలో సంకర జొన్న కూడా వచ్చింది. టెక్సాస్, కాన్సాస్ ఎత్తు మైదానాల కింద ఉన్న ఓగలాలా భూగర్భజలాన్ని మోటార్లతో తోడి ఆ జొన్నను, మొక్కజొన్నను పండించారు. ధాన్యం పండిన చోటికే పశువులు చేరాయి. వేలాది పశువులను ఆరుబయట దొడ్లలో ఉంచి, తొట్లలో దాణా పోసి మేపే స్థలాన్నే ఫీడ్‌లాట్ అంటారు. కొలరాడోలోని గ్రీలీ వద్ద వారెన్ మాన్‌ఫర్ట్ 1930లలో ఏడాది పొడవునా పశువులను మేపడం ప్రారంభించాడు. ఆ కుటుంబపు దొడ్లు 1970ల నాటికి లక్ష పశువుల స్థాయికి పెరిగాయి.

ప్రభుత్వ విధానం కూడా దీనికి తోడ్పడింది. 1927లో అమెరికా వ్యవసాయ శాఖ మాంసానికి శ్రేణులు నిర్ణయించే సేవను ప్రారంభించింది. కండ మధ్య సన్నని చారలుగా కొవ్వు ఉన్న లేత మాంసానికి పై శ్రేణి దక్కింది. గడ్డి మాత్రమే తిన్న లేత పశువులో అటువంటి కొవ్వు తొందరగా ఏర్పడదు. ఆ విధంగా శ్రేణి అన్న కొలబద్దే ధాన్యం మేపిన పశువు పక్షాన నిలిచింది.

బరువు త్వరగా పెంచాలన్న ఒత్తిడి మందులకు దారితీసింది. అయోవా స్టేట్ కళాశాల శాస్త్రజ్ఞుడు వైజ్ బరోస్ పరిశోధన ఆధారంగా 1954లో డై ఇథైల్ స్టిల్‌బెస్ట్రాల్ అనే కృత్రిమ హార్మోనును దాణాలో కలపడానికి ప్రభుత్వం అనుమతించింది. ఇదే మందును గర్భిణులకు కూడా ఇచ్చేవారు. అలా మందు తీసుకొన్న తల్లుల కుమార్తెలలో అరుదైన కాన్సర్ కనిపిస్తున్నదని 1971లో వైద్యులు ప్రకటించారు. దీర్ఘ వివాదం తరువాత 1979లో పశువులకు వాడకం నిషిద్ధమైంది.

1972లో సోవియట్ యూనియన్ అమెరికా నుంచి భారీగా ధాన్యం కొన్నది. ధాన్యం ధరలు విపరీతంగా పెరిగాయి. ఫీడ్‌లాట్ యజమానులు తీవ్రంగా నష్టపోయారు. 1974, 1975లలో దాణా దొడ్డికి చేరకుండా గడ్డి నుంచే నేరుగా కబేళాకు పోయిన పశువుల సంఖ్య పెరిగింది. దూడ మారలేదు, దాని పొట్ట మారలేదు. మారినది ధాన్యం ధర ఒక్కటే.

9.6 బార్లీ దూడ : బ్రిటన్ అనుభవం

బ్రిటన్‌లో పాడి మందలలో పుట్టే ఫ్రీసియన్ మగదూడలకు విలువ ఉండేది కాదు. చాలావాటిని పుట్టిన కొద్దిరోజులకే వధించేవారు. 1950లలో అక్కడ బార్లీ సాగు వేగంగా విస్తరించింది. అబర్డీన్‌లోని రోవెట్ పరిశోధన సంస్థలో టి.ఆర్. ప్రెస్టన్ ఈ రెండు సంగతులను కలిపి ఆలోచించాడు. అక్కరలేని దూడ ఒకవైపు, మిగులు బార్లీ మరొకవైపు.

ఆయన పద్ధతిలో దూడకు కొద్ది వారాలకే పాలు మాన్పించేవారు. తరువాత ఎండుగడ్డి దాదాపు లేకుండా, సుమారు 85 పాళ్ళు నలిపిన బార్లీ, 15 పాళ్ళు మాంసకృత్తులు, ఖనిజాలు, విటమిన్లు ఉన్న మిశ్రమం కలిపి, తిన్నంత పెట్టేవారు. ఏడాది నిండే లోపే దూడ దాదాపు 400 కిలోల బరువుకు చేరేది. కిలో బరువు పెరగడానికి సుమారు ఐదు కిలోల దాణా పట్టేది. అంతవరకు రెండేళ్ళకు పైగా పట్టే పని ఏడాదిలో ముగిసింది. 1960లలో 'బార్లీ బీఫ్' బ్రిటన్ అంతటా మారుమోగింది.

1973లో బ్రిటన్ ఐరోపా ఆర్థిక సముదాయంలో చేరింది. సముదాయపు విధానంలో ధాన్యం ధరలు ఎక్కువ. అదే సమయంలో ప్రపంచ ధరలూ పెరిగాయి. చాలామంది రైతులు గడ్డి, సైలేజీ మీద పద్దెనిమిది నెలలు పెంచే పద్ధతికి మళ్ళారు. ప్రెస్టన్ అప్పటికే క్యూబాకు వెళ్ళాడు. అక్కడ మిగులు బార్లీ కాదు, చెరకు మడ్డి. ఆయన అక్కడ పశువులను మడ్డి, యూరియాలతో మేపే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఏ దేశంలో ఏది మిగులుతుందో దానితోనే మేపాలన్నది ఆయన ఆచరణలో చూపించిన పాఠం.

9.7 దూడ పొట్ట పెట్టిన హద్దు

ధర ఒక హద్దు అయితే, దూడ శరీరం మరొక హద్దు. పుట్టిన దూడకు నాలుగు పొట్టలలో మొదటిదైన రూమెన్ చాలా చిన్నది. తాగిన పాలు దాన్ని తప్పించుకొని నేరుగా నాలుగో పొట్టకు పోతాయి. దూడ ధాన్యం తినడం మొదలుపెట్టినప్పుడు రూమెన్‌లోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి ఆమ్లాలను తయారుచేస్తాయి. ఆ ఆమ్లాలే రూమెన్ గోడను ఎదిగేలా చేస్తాయి. కనుక కొద్దిగా ధాన్యం దూడకు మేలే.

అదే ధాన్యం ఎక్కువైతే ఆమ్లం మితిమీరుతుంది. గడ్డి నమిలినప్పుడు ఊరే లాలాజలం ఆ ఆమ్లాన్ని విరుస్తుంది; ధాన్యం మాత్రమే తినే దూడకు ఆ రక్షణ తక్కువ. మేత మానడం, కడుపు ఉబ్బరం, కాలేయంలో చీముగడ్డలు దీని ఫలితాలు. బార్లీని మెత్తని పిండి చేయకుండా, పొట్టుతో సహా నలపాలని చెప్పడానికి కారణం ఇదే. మేత నుంచి ధాన్యానికి రెండు మూడు వారాలు క్రమంగా మార్చాలన్న నియమం కూడా ఇందుకే వచ్చింది.

9.8 మన ప్రాంతానికి వర్తించే ఆలోచన

నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల పశువులు బ్రెజిల్ చేరి అక్కడ 'నెలోర్' పేరుతో ప్రధాన మాంసజాతి అయ్యాయి. అక్కడ ఈ జాతి ఎక్కువ కాలం పచ్చికమీదే పెరుగుతుంది. ధాన్యం మేపు ఉన్నచోట అది చివరి కొద్ది నెలలకే పరిమితం. మన దగ్గర గేదెల పాడిలో పుట్టే దున్నదూడల స్థితి, ప్రెస్టన్ కాలపు ఫ్రీసియన్ దూడల స్థితికి దగ్గరగా ఉంది. పాలు అమ్ముడుపోతాయి కాబట్టి దూడకు మిగలవు. చాలా దూడలు సరైన పోషణ లేక చనిపోతాయి. వాటిని కాపాడి పెంచితే రైతుకు ఆదాయమే. కాని ఏ దాణాతో? కిలో బరువుకు ఐదు కిలోల దాణా అన్న లెక్కను మీ ఊరి మొక్కజొన్న ధరతో గుణించి చూడండి. తవుడు, నూకలు, చెక్క, పప్పుపొట్టు వంటి మిగుళ్ళ ధరతోనూ గుణించండి. ఈ భాగంలోని చరిత్ర ఆ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది.

9.9 సారాంశం

ఒహైయోలో మొక్కజొన్న అంగడికి చేరే దారిలేక పశువుల పాలైంది. రైలు, కిరోసిన్, శాస్త్రజ్ఞానం కలిసి పశువు వయసును తగ్గించాయి. 'బేబీ బీఫ్' విద్య 20వ శతాబ్దం ఆరంభానికే తెలిసినా, పెద్ద ఎత్తున దాణా మేపు చవక ధాన్యం వచ్చిన తరువాతే సాధ్యమైంది. 1972–75 మధ్య ధరలు పెరగగానే అమెరికా, బ్రిటన్‌లు రెండూ కొంతమేరకు గడ్డికి మళ్ళాయి. దూడకు ధాన్యం పెట్టడం ఎప్పటికీ వర్తించే నియమం కాదు; ఒక కాలపు మిగులుకు దొరికిన పరిష్కారం.

9.10 మీ ప్రగతిని సరిచూసుకోండి – సమాధానం

1. దూడ ఎక్కువగా కండను పెంచుతుంది. కండలో నీటి పాలు ఎక్కువ కాబట్టి తక్కువ మేత చాలు. దూడ శరీరం చిన్నది కాబట్టి దాన్ని నిలుపుకోవడానికి అయ్యే మేత కూడా తక్కువ.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మాంసపు పశువు వయసు తగ్గడానికి దారితీసిన ఆర్థిక, శాస్త్రీయ కారణాలను చర్చించండి.
2. అమెరికా ఫీడ్‌లాట్లను, బ్రిటన్ బార్లీ పద్ధతిని పోల్చి, ధాన్యం ధర ప్రభావాన్ని వివరించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. సియోటో లోయ రైతుల మేపు పద్ధతి.
2. దూడ రూమెన్‌పై ధాన్యం చూపే మంచి, చెడు ప్రభావాలు.

9.12 పదకోశం

బుషెల్ : ధాన్యం కొలత, మొక్కజొన్న అయితే దాదాపు 25 కిలోలు.
రూమెన్ : నెమరువేసే జంతువుల మొదటి పొట్ట.
సైలేజీ : పచ్చిమేతను గాలి తగలకుండా మాగవేసి నిలవచేసిన మేత, పాతర గడ్డి.
చెరకు మడ్డి : పంచదార తీసిన తరువాత మిగిలే చిక్కని ద్రవం.