వారం పేరు మిగిలిన సంత

షార్జా నుండి ధైద్ మీదుగా ఫుజైరాకు వెళ్ళే దారిలో, మసాఫికి చేరువలో, రోడ్డు వెంట బారులు తీరిన దుకాణాలు కనిపిస్తాయి. ఆ చోటిని ‘సూక్ అల్ జుమా’ అంటారు. అంటే శుక్రవారపు సంత. మన పాఠకులలో చాలామంది అక్కడ కారు ఆపి కాల్చిన మొక్కజొన్న పొత్తులు తినే ఉంటారు. చుట్టుపక్కల కొండపల్లెల రైతులు సెలవు రోజున ఆ దారిన పోయేవారికి తమ తోటల పండ్లు అమ్ముకోవడంతో అది మొదలైందని చెబుతారు. ఇప్పుడు వారమంతా తెరిచే ఉంటుంది. తివాచీలు, మట్టికుండలు, ఆటబొమ్మలు పెద్ద పాలు ఆక్రమించాయి. 2022 జనవరిలో ప్రభుత్వ కార్యాలయాల వారాంతం కూడా శని, ఆదివారాల వైపు జరిగింది. శుక్రవారం సంత పేరులో మాత్రం అలాగే ఉంది.

ఆ పేరు మనకు కొత్త కాదు. హైదరాబాదులోని జుమ్మెరాత్ బజార్ గురువారపు సంత. జుమ్మెరాత్ అంటే జుమా ముందటి రాత్రి అని. మసాఫిలోని జుమా, మన పాత నగరంలోని జుమా ఒకే మాట. కోస్తాలో సంత అన్నదే తెలంగాణ పల్లెల్లో అంగడి. ఏ పేరుతో పిలిచినా దానికి ముందు ఒక వారం పేరు ఉంటుంది.

వారానికి ఒక్కరోజే ఎందుకు? ఒక పల్లె కొనుగోళ్ళు రోజూ దుకాణం నడపడానికి చాలవు గనుక, వర్తకుడు రోజుకొక ఊరు తిరుగుతాడని సాధారణంగా చెప్పే సమాధానం. నిజమే కాని, అది వర్తకుని వైపు నుండి చూసిన మాట. ఇంట వండి అమ్మే ఇల్లాలి వైపు నుండి చూస్తే లెక్క వేరు. అరిసెలు చేయాలంటే బియ్యం నానబెట్టాలి, వార్చి తడి ఆరకముందే దంచాలి, పిండి జల్లించాలి, బెల్లం పాకం పట్టాలి. పొలం పనీ, పాడీ, పిల్లలూ ఉన్న ఇంట ఇది ప్రతిరోజూ సాగే పని కాదు. వారానికొకసారి అయితే సాగుతుంది. అరిసెలు, జంతికలు, సున్నుండలు, పచ్చళ్ళు అన్నీ నిలవ ఉండేవే. అమ్ముడుపోకుండా బుట్టలో మిగిలినా పాడుకావు. సంతకూ సంతకూ నడుమ ఉన్న ఆరు రోజులే ఆమె పెట్టుబడి అని నా అభిప్రాయం. సంత రోజువారీ బజారుగా మారితే లాభపడేది సరుకు తెప్పించుకోగలిగిన వర్తకుడే.

ఈ ఇల్లాళ్ళ గురించి చరిత్రలో దొరికేది తక్కువ. ఓరుగల్లులోని ఖాన్‌సాహెబ్ తోట శాసనం కాకతీయుల కాలపు అంగడి సుంకాలను వివరిస్తుంది. ఉప్పు, బెల్లం, ఆవాలు, మిరియాలు, నూనె, నెయ్యి వంటి సరుకులెన్నో అందులో కనిపిస్తాయి. శాసనానికి కావలసింది సుంకం. వంటింటి సంగతి దానికి అక్కరలేదు. వండిన అన్నం కోసం కావ్యాల వైపు తిరగాలి. వినుకొండ వల్లభరాయుని పేర వెలసిన ‘క్రీడాభిరామము’లో ఓరుగల్లు పూటకూళ్ళ ఇల్లు ఒకటి ఉంది. పూటకూడు అంటే డబ్బు తీసుకొని ఒక పూటకు పెట్టే భోజనం. ఒక్క రూకకే సన్నబియ్యపు అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజులు, గడ్డపెరుగు! ఆ ఇంటికి లక్ష్మణవజ్ఝల అనే పురుషుని పేరుంది. వండిన చేతులు ఎవరివో ఆ పద్యం చెప్పదు. 1892లో తొలిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కము’లో పూటకూళ్ళమ్మ పాత్రలలో ఒకరు; ఆమెనూ అందరూ వృత్తి పేరుతోనే పిలుస్తారు.

నేటికీ మన పంచాయతీలు ఏటా సంతను వేలం వేస్తాయి. పాడుకున్నవాడు బుట్టకింత, బండికింత అని ఆశీలు వసూలు చేస్తాడు. ఆశీలు పెరిగితే మొదట నష్టపోయేది చిన్న బుట్టే. పక్కనే వేలాడే కంపెనీ చిరుతిండి పొట్లాలతోనూ ఆ బుట్ట పోటీ పడాలి.

అయితే అన్నిచోట్లా ఇలా జరగలేదు. గోదావరి తీరపు ఆత్రేయపురంలో బోర్లించిన కుండమీద పూతరేకులు తీసే స్త్రీలు వారపు సంతను దాటి, రోజూ సాగే వృత్తిని నిలుపుకున్నారు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు లభించింది. ఒక ఇల్లు కాక ఊరే ఆ పనిలో ఉండడం వారి బలం.

ఎమిరేట్స్‌లో అనుమతి లేకుండా ఇంట వండి అమ్మడం కుదరదు. పచ్చళ్ళు పెట్టి అమ్మాలనుకునే మన గృహిణులు ముందు ఆ సంగతి కనుక్కోవాలి. ఏటా జరిగే షార్జా వారసత్వ ఉత్సవాలకు పిల్లలను తీసుకువెళ్తే, ఎమిరాటీ స్త్రీలు కాలిన ఇనుప పెనంమీద పిండిని చేత్తో పలుచగా పరచి ‘రిగాగ్’ రొట్టె తీయడం చూడవచ్చు. పూతరేకు తీయడం ఎరిగిన అమ్మమ్మ కూడా వెంట ఉంటే ఆ పెనం దగ్గర కాసేపు ఆగక మానదు.