మూసీకి చీర పెట్టిన నవాబు

లాల్‌దర్వాజా బోనాలప్పుడల్లా మా అత్తగారు 1908 వరద కథ చెప్పేవారు. సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగేసింది. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి 150 మంది బతికారట! ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్రధాని కిషన్‌ప్రసాద్ మాట విని, సింహవాహిని అమ్మవారిని కొలిచి, నదికి చీర, పసుపు, కుంకుమ సమర్పిస్తే వరద తీసిందని పాతబస్తీ నమ్మకం.

రష్యా పల్లెల్లోనూ మరపట్టేవాళ్లు, జాలరులు వొద్యనోయ్ అనే నీటిదయ్యానికి కానుకలిచ్చేవారు. నీళ్లంటే భయం ఎక్కడైనా ఒకటే!

తర్వాత విశ్వేశ్వరయ్యగారి సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. "మరి ఊరిని కాపాడింది అమ్మవారా, ఆనకట్టా?" అన్నాను.

"చీర పెట్టింది భయం తీరడానికే తల్లీ, కట్ట కట్టింది వరద ఆగడానికి. రెండూ కావద్దూ?" అంటూ బోనం నా నెత్తిన పెట్టారు.