లె సేబర్ (1951)

లె సేబర్ అనేది అమెరికాకు చెందిన జనరల్ మోటార్స్ 1951లో జనానికి చూపిన ఇద్దరు కూర్చునే ప్రయోగాత్మక కారు. ఇలాంటి కార్లు అమ్మకానికి కావు. ప్రదర్శనలో నిలబెట్టి, కొనేవాళ్ల చూపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టడానికే చేస్తారు. దీని రూపకర్త హార్లీ ఎర్ల్ (1893–1969) 1927 నుంచి కంపెనీ డిజైన్ విభాగానికి పెద్ద. 1938 నాటి అతని బ్యూక్ వై-జాబ్‌ను ఈ కోవలో మొదటిదిగా చెబుతారు.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఎర్ల్ మనసు విమానాల మీదికి మళ్లింది. పి-38 యుద్ధవిమానం తోకను చూశాకే 1948 కాడిలాక్‌కు వెనక రెక్కలు మొలిచాయి. లె సేబర్ పేరు సైతం ఎఫ్-86 సేబర్ జెట్‌దే. ముందున్న గుండ్రటి మూతి తిరిగితే దాని వెనక దాగిన హెడ్‌లైట్లు బయటపడతాయి. వెనక జెట్ గొట్టంలా కనిపించేది ఉత్త బ్రేక్ లైటు. వేషం చాలానే ఉంది, కానీ లోపల సరుకు లేకపోలేదు. అల్యూమినియం, మెగ్నీషియం, ఫైబర్ గ్లాస్ కలిపిన బాడీ. సూపర్‌చార్జర్ బిగించిన 3.5 లీటర్ల అల్యూమినియం వి-8 ఇంజను. 300 హార్స్‌పవర్ పైచిలుకు శక్తి. పెట్రోలుకు ఒక ట్యాంకు, మిథనాల్‌కు ఒక ట్యాంకు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే మిథనాల్ తోడయ్యేది. సీట్ల మధ్యనున్న సెన్సర్ మీద వాన చినుకు పడితే టాపు దానంతటదే మూసుకునేది.

మార్కెట్‌కు ముందుగా చేరింది మాత్రం పైరూపమే. పక్కలకు వంగిన ముందు అద్దం 1953లో కాడిలాక్ ఎల్డొరాడోకూ, షెవర్లే కార్వెట్‌కూ వచ్చింది. చూడ్డానికి ముచ్చటే గానీ వంపు దగ్గర రోడ్డు వంకరగా కనబడేది, ఎక్కి దిగేటప్పుడు మోకాలికి అద్దం స్తంభం తగిలేది. 1960ల మొదట్లోనే ఆ మోజు తీరింది. రెక్కలు అంతకంటే దూరం ఎగిరాయి. అమెరికా ఫ్యాషన్ ఇటలీకి పాకి, అక్కడి నుంచి బొంబాయిలో ప్రీమియర్ సంస్థ 1964లో మొదలుపెట్టిన ఫియట్ 1100 డిలైట్ వెనక చిన్న రెక్కలుగా దిగింది. తెలుగు ఊళ్లలో దశాబ్దాలు తిరిగిన పద్మిని కారు దాని వారసురాలే.

ఇక ఇంజను సంగతి. లె సేబర్‌లోని ఇంజనుకు సమానమైన పరిమాణంలో మరో అల్యూమినియం వి-8ను బ్యూక్ 1961లో అమ్మకానికి తెచ్చి, కొన్నేళ్లకే వదిలేసింది. హక్కులు కొన్న బ్రిటన్ రోవర్ కంపెనీ దాన్ని రేంజ్ రోవర్‌లో దశాబ్దాల పాటు నడిపింది. లె సేబర్‌ను ఎర్ల్ సొంత బండిలా ఏళ్ల తరబడి వాడుకున్నాడు. పేరును 1959లో బ్యూక్ మామూలు కుటుంబ కారుకు పెట్టుకుంది. అసలు బండి జనరల్ మోటార్స్ సేకరణలోనే ఉంది.