పొగమంచులో ప్రమాద నివారణ: ఓడ కూత నుండి రైలు ‘కవచ్’ దాకా

పొగమంచు కాలపు రవాణా నియమాలన్నీ ఒకే ప్రశ్న నుండి పుట్టాయి: కంటికి కనిపించని ప్రమాదాన్ని ఎలా గుర్తించాలి? సముద్రయానమూ రైల్వేలూ దీనికి వేర్వేరు సమాధానాలను ఇచ్చాయి. రైల్వేల సమాధానంలోని తాజా ఘట్టం సికింద్రాబాదు పరిసరాలతో ముడిపడి ఉంది.

1972లో రూపొంది 1977లో అమలులోకి వచ్చిన అంతర్జాతీయ నౌకా నియమావళిలోని 19వ నియమం, దృశ్యత తగ్గినప్పుడు ప్రతి ఓడా పరిస్థితికి తగిన సురక్షిత వేగంతోనే సాగాలని ఆదేశిస్తుంది. 35వ నియమం ప్రకారం, ప్రయాణిస్తున్న యాంత్రిక నౌక రెండు నిమిషాలకు మించని వ్యవధిలో దీర్ఘమైన కూత వేస్తూ ఉండాలి. ముందువైపు నుండి అటువంటి కూత వినిపిస్తే వేగం తగ్గించాలి. అవసరమైతే పూర్తిగా ఆగాలి. ఈ బాధ్యత రెండు ఓడలకూ సమానమే.

ఓడకు పక్కకు మళ్లే వీలుంది, రైలుకు లేదు. పైగా వేగంగా వెళ్లే రైలు ఆగడానికి పట్టే దూరం, మంచులో డ్రైవరుకు కనిపించే దూరం కంటే ఎక్కువ. అందుచేత సిగ్నల్ కనిపించకముందే హెచ్చరిక అందాలి. 1841లో ఎడ్వర్డ్ ఆల్‌ఫ్రెడ్ కౌపర్ కనిపెట్టిన డిటొనేటరు ఆ పని చేసింది. భారతీయ రైల్వేల సాధారణ నియమాల ప్రకారం సిగ్నల్‌కు కనీసం 270 మీటర్ల ముందు, పది మీటర్ల ఎడంతో రెండు డిటొనేటర్లను పట్టాపై అమర్చాలి. చక్రం కింద అవి పేలితే సిగ్నల్ దగ్గరపడిందని తెలుస్తుంది. అయితే అది ఎరుపో పచ్చో ఆ శబ్దం చెప్పలేదు.

ఈ లోపాన్ని ‘కవచ్’ పూరిస్తుంది. రేడియో సంకేతాల ద్వారా సిగ్నల్ స్థితిని ఇంజనులోనే చూపి, డ్రైవరు స్పందించకపోతే తానే బ్రేకు వేస్తుంది. ప్రయాణికుల రైళ్లపై దీని ప్రయోగాలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలో మొదలయ్యాయి. 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజన్‌లోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య జరిపిన పరీక్షలో, ఎదురెదురుగా ఉన్న ఇంజన్లలో ఒకటి రెండోదానికి 380 మీటర్ల దూరంలో తనంతట తాను ఆగిపోయింది.

దీని అవసరం మంచుకు మాత్రమే పరిమితం కాదు. సీతాఫల్‌మండి మీదుగా ఫలక్‌నుమాకు సాగే ఎం.ఎం.టి.ఎస్. మార్గంలోని కాచిగూడలో, 2019 నవంబరు 11న పట్టపగలే రెండు రైళ్లు ఢీకొన్నాయి. గాయపడిన లోకో పైలట్ తరువాత మరణించారు. వెలుగు ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్లు కాదని ఈ ఘటన తెలుపుతుంది. అయితే పట్టాల వెంట, స్టేషన్లలో, ఇంజన్లలో పరికరాలు అమరిన చోటనే ‘కవచ్’ పనిచేస్తుంది. కనుక దాని విస్తరణ వేగమే ఇప్పుడు ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.