ఆ ఒక్క 'వై' వెనక కథ

సర్వర్లో అప్‌డేట్లు వాటంతట అవే పడాలంటే ఏముంది, క్రాన్‌లో ఒక్క లైను రాస్తే సరి అనుకునేవాణ్ణి. రాశాను కూడా. రోజూ రాత్రి రెండింటికి ఆప్ట్-గెట్ అప్‌గ్రేడ్, పక్కనే 'హైఫన్ వై'. ఏమడిగినా 'ఎస్' అనుకోమని అన్నమాట. ఒకరోజు పొద్దున చూస్తే వెబ్ సర్వర్ ప్యాకేజీ సగంలో ఆగిపోయి ఉంది. 'వై' ఉండగా ఎందుకాగినట్టు? తవ్వితే పాత కథ బయటపడింది.

1985లో లారీ వాల్ 'ప్యాచ్' ప్రోగ్రాం రాశాడు. సోర్సు మొత్తం మళ్ళీ పంపక్కర్లేదు, మారిన లైన్లు పంపితే చాలు. కంపైల్ చేసుకునే పాట్లు మాత్రం అవతలివాళ్ళవే. 1993లో ఇయాన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్‌లో డీపీకేజీ ఆ పాట్లు తప్పించింది, కంపైలైన ప్యాకేజీనే తెచ్చి పెడుతుంది. అయితే ఒక చిక్కుంది. సెట్టింగుల ఫైలు నేనూ మార్చుకున్నాను, కొత్త ప్యాకేజీలోనూ అది మారింది. ఏది ఉంచాలి? ఇద్దరిలో ఒకరే మారిస్తే డీపీకేజీ అడగదు. ఇద్దరూ మారిస్తే మాత్రం ఊహించదు, అడుగుతుంది.

1999 మార్చిలో డెబియన్ 2.1తో పాటు ఆప్ట్ వచ్చింది. ఒక ప్యాకేజీకి కావలసిన మిగతా ప్యాకేజీలన్నీ వెతికి, నెట్ నుంచి దించి, వరసగా డీపీకేజీ చేతికిస్తుంది. నా 'వై' ఆప్ట్ అడిగే "కానివ్వనా?" అన్న ప్రశ్నకి జవాబు. డీపీకేజీ ప్రశ్న వేరు. అర్ధరాత్రి క్రాన్‌లో దానికి బదులిచ్చే మనిషి లేడు. అదీ సంగతి!

ఈ గొడవంతా ఎందుకు, తీరిగ్గా చేత్తోనే వేసుకుందాం అంటారా? 2003 జనవరిలో స్లామర్ పురుగు దొరికిన సర్వర్లలో చాలాభాగాన్ని 10 నిమిషాల్లో పట్టేసింది. అది దూరిన కన్నాన్ని పూడ్చే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ 2002 జూలైలోనే ఇచ్చింది. ఆరు నెలల తీరిక చాలలేదు!

అలాగని కళ్ళు మూసుకుని 'ఎస్' అనడమూ కుదరదు. దించుకున్నది అసలుదేనా అని సంతకం సరిచూడటం డెబియన్ స్థిర విడుదలలో ఆప్ట్‌కి అబ్బింది 2007లో, 4.0తోనే.

ఇప్పుడు నా లైను తీసేసి 'అన్‌అటెండెడ్-అప్‌గ్రేడ్స్' పెట్టుకున్నాను. మనం ఒప్పుకున్న చోట్ల నుంచే తెస్తుంది. సెట్టింగుల ఫైలు దగ్గర ప్రశ్న వచ్చేలా ఉంటే ఆ ప్యాకేజీని ముట్టుకోకుండా పక్కన పెట్టి, నాకు మెయిలు కొడుతుంది. మనిషి అక్కర్లేదని పేరులోనే చెప్పుకున్న ప్రోగ్రాం కూడా, ఆ ఒక్క ప్రశ్న దగ్గర మనిషి కోసమే ఆగుతుంది. ఆ మెయిలు చదవడం మాత్రం ఆటోమేట్ చెయ్యదలుచుకోలేదు.