మద్రాసు రాష్ట్రంలో స్త్రీల వోటు – పట్టా ప్రశ్న

మన దేశంలో స్త్రీలకు వోటు అడగకుండానే వచ్చిందని కొందరంటారు. 1921లోనే మద్రాసు శాసనమండలి వోటు విషయంలో స్త్రీ పురుష భేదాన్ని తుడిచివేసిందని మరికొందరు గర్వంగా చెప్పుకుంటారు. మొదటిది అబద్ధం. రెండవది సగం నిజం. ఆ మిగిలిన సగాన్నే మనం పరిశీలించవలసి వుంది.

స్త్రీలు అడిగారు. 1917లో అడయారులో భారత మహిళా సంఘం ఏర్పడింది. దాని స్థాపకుల్లో ఒకరైన మార్గరెట్ కజిన్స్, ఐర్లండు నుంచి వచ్చి, వోటు కోసం పోరాడి బ్రిటిషు జైలు చూసిన మనిషి. ఆ డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన స్త్రీల రాయబారం మద్రాసులో మాంటేగును కలిసి, పురుషులకు ఏ షరతులపై వోటిస్తారో ఆ షరతులపైనే తమకూ యివ్వమని కోరింది. సౌత్‌బరో సంఘం మాత్రం, యిక్కడి సాంఘిక పరిస్థితులు అనుకూలంగా లేవని తోసివేసింది. సామ్రాజ్యవాదికి మన ఆచారాలపై గౌరవం పుట్టుకువచ్చేది యిలాంటి సమయాల్లోనే!

1919 చట్టం ఆ బరువును రాష్ట్రాల మీదికి నెట్టింది. జస్టిస్ పార్టీ మంత్రివర్గం వున్న మద్రాసులో 1921 ఏప్రిల్‌లో తీర్మానం నెగ్గింది. బ్రిటిషు రాష్ట్రాలలో యిదే మొదటిది. బెంగాలు 1925 దాకా ఒప్పుకోలేదు.

అయితే వోటు ఎవరికి దక్కింది? వోటుకు కొలత ఆస్తి, శిస్తు, పన్ను. నాట్లు వేసేదీ, కలుపు తీసేదీ ఆమె. పట్టా మాత్రం తండ్రిదో, మగనిదో, కొడుకుదో. కూలి కుటుంబంలో యిద్దరికీ వోటు లేదు. కలిగిన యింట్లో ఆయనకుంది, ఆమెకు లేదు. భర్త ఆస్తిలో హిందూ వితంతువుకు పరిమితమైన హక్కు యిచ్చిన చట్టమైనా 1937 వరకు రాలేదు. షరతు యిద్దరికీ ఒకటే. ఆ షరతుకు ఆధారమైన ఆస్తి ఒకరి చేతిలోనే వుంది. చట్టం ముందు సమానత్వం, బ్రతుకులో అసమానత్వం అంటే యిదే.

అంతమాత్రాన ఆ ఉద్యమం వట్టిదని తీర్మానించటం పొరపాటు. 1926లో కమలాదేవీ ఛటోపాధ్యాయ మద్రాసు మండలికి పోటీచేసి స్వల్ప తేడాతో ఓడిపోయారు. నామినేషనుపై వచ్చిన ముత్తులక్ష్మీరెడ్డి 1927లో మండలికి ఉపాధ్యక్షురాలై, దేవదాసీ దురాచారంపై పోరాడారు. 1931 నాటికి మహిళా సంఘాలు వయోజన వోటునే కోరాయి. భార్య అన్న హోదాతో వచ్చే వోటు వద్దన్నాయి. 1935 చట్టం అదే యిచ్చింది. ఆస్తిపరుని భార్య గనుక ఆమె వోటరు!

1950లో రాజ్యాంగం ఆస్తి షరతును తొలగించింది. కాని 1951–52 ఎన్నికల జాబితాల్లో తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యగా, కూతురుగా నమోదైన దాదాపు 28 లక్షల స్త్రీల పేర్లు కొట్టివేయవలసి వచ్చింది. వీరిలో ఎక్కువమంది ఉత్తరాది వారు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానంగా హక్కు దేశమంతటా చట్టమయింది 2005లో. అంటే వోటు వచ్చిన 55 ఏళ్ళకు.

వోటు, పట్టా రెండు ప్రశ్నలు కావు. మొదటిదాన్ని మన నాయనమ్మల తరం సాధించి యిచ్చింది. రెండవది కాగితంపై వుంది. దాన్ని పొలంగట్టు దాకా తీసుకువెళ్ళటం మన వంతు.