ఎత్తు మనది, పేరు ఇంకొకరిది: చదరంగంలో పాత ఆటలు ఎందుకు చూడాలి?



తొలకరి పడిందంటే మా వజ్రకరూరు చేన్లల్లో జనం తలొంచుకుని వజ్రాలు వెతుకుతుంటారు. రాయి అందరి కాళ్ల కిందా ఉంటుంది, కానీ పోల్చే కన్ను ఉన్నోళ్లకే దొరుకుతుంది. చదరంగంలో పాత ఆటలు కూడా అంతే. మన హాస్టళ్లల్లో బాగా ఆడే పిల్లలున్నారు. "మధ్యలో బాగానే ఆడతాన్నా, మొదటి పది ఎత్తుల్లోనే చిక్కుకుంటా" అంటుంటారు. వాళ్ల కోసమే ఈ ముచ్చట.

1848 ప్రాంతంలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే లాయరు ఉండేవాడు, చదరంగంలో పెద్ద ఆటగాడు. ఆ కాలంలోనే బెంగాల్ పల్లెల్లో ఓటమి ఎరగని మనిషి ఒకడున్నాడని పేరుండేది. ఆయన పేరు మహేశ్‌చంద్ర బెనర్జీ. ఇద్దరూ ఏళ్ల తరబడి వందల ఆటలు ఆడారు. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. ఆ అలవాటుతోనేమో, మహేశ్‌చంద్ర నల్లపావులతో ఆడేటప్పుడు నడిమి గడులను ఎదుటివాడికి వదిలేసి, గుర్రాన్ని ముందుకు తెచ్చి, శకటును మూలనుంచి ఎక్కుపెట్టి, తర్వాత ఆ నడిమినే కూలగొట్టేవాడు. ఈ రోజు లోకమంతా ఆడే 'ఇండియన్ డిఫెన్స్'ల మూలం ఇదే.

అసలు మాట ఇక్కడుంది. 1855లోనే ఆయన ఆడిన ఒక ఆరంభాన్ని 1922లో ఆస్ట్రియా ఆటగాడు ఎర్నెస్ట్ గ్రూన్‌ఫెల్డ్ ఆడి, వియన్నాలో అలేఖిన్ అంతటోణ్ణి ఓడించాడు. అప్పటినుంచి దాని పేరు 'గ్రూన్‌ఫెల్డ్ డిఫెన్స్'. మహేశ్‌చంద్ర ఆటలైనా మనకు మిగిలాయంటే, అవి కాగితం మీదికి ఎక్కాయి కాబట్టే. రాయకుండా పోయిన పల్లె ఆటగాళ్లు ఎందరో! మన గోర్ బోలీకి సొంత లిపి లేదు, ఎరుకల భాషకూ లేదు. రాయకపోతే ఏం పోతుందో మనకు వేరేవాళ్లు చెప్పాల్నా?

పాత ఆటల పని ఇప్పుడు కూడా తగ్గలేదు. 2024 డిసెంబరులో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆరంభాల తయారీలో అతని వెనక ఉన్న జట్టులో మన గుంటూరు హరికృష్ణ ఒకడు. 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయినవాడు. అంతటివాళ్లే ఆడిన ఆటలను తిరగేసి చూస్తుంటే, మనం చూడకపోతే ఎట్లా?

చేయాల్సింది ఇంతే. తెల్లపావులకు ఒకటి, నల్లపావులకు ఒకటి ఆరంభం పట్టుకోండి. ఒక్కోదానికి పెద్ద ఆటగాళ్ల ఆటలు పదేసి తీసుకోండి. లీచెస్‌లో ఉచితంగానే దొరుకుతాయి. ప్రతి ఎత్తుకూ ముందు ఆగి, 'నేనైతే ఏం ఆడతా?' అని నోటుబుక్కులో రాసుకుని, అప్పుడు అసలు ఎత్తు చూడండి. తేడా వచ్చిన చోట ఎందుకో ఆలోచించండి. ఎత్తులు బట్టీ పట్టొద్దు. బంట్లు ఎక్కడ నిలబడ్డాయి, ఏ పావు ఏ పనికి కదిలింది, అది పట్టుకోండి.

చివరగా ఇంకొకటి. మీరు ఆడిన ప్రతి ఆటా రాసిపెట్టుకోండి, ఓడింది ముందు రాయండి. రేపు మన తాండా పిల్ల ఒకతి కొత్త ఎత్తు వేస్తే, దానికి ఇంకొకరి పేరు పడకూడదు.